సీతారాముల బొమ్మున్న వెండి బిళ్ళలు

1988 జనవరి. భద్రాచలంలో గుడికి పోయే దారిలో మా వెండి కొట్టు ఉండేది. మా ఆయన విజయవాడ వెళ్ళి సరుకు తెచ్చేవాడు, కొట్లో కూర్చునేది నేను. మా నాన్న మధిర వైపు కంసాలి. ఆడపిల్లకి గీటురాయి ఎందుకయ్యా అని నలుగురూ అంటున్నా వినకుండా నాకు పని నేర్పాడు. కొత్తవాళ్ళు వచ్చి "సేటు లేడా అమ్మా?" అని అడిగితే నాకు ఒళ్ళు మండేది. "ఉన్నాడు, నీ ఎదురుగానే కూర్చుంది" అనేదాన్ని.

ఆ రోజుల్లో రౌండ్ల మోజు బాగా ఉండేది. రౌండ్ అంటే ప్రైవేటు మింటులో అచ్చు గుద్దిన వెండి బిళ్ళ. నాణెంలా కనిపిస్తుంది గానీ నాణెం కాదు, సర్కారుకీ దానికీ సంబంధం లేదు. దాని మీద వేసిన 999 ప్యూరిటీకి ఆ మింటువాడి మాటే పూచీ. మింటువాడు మాకు తెలిసినవాడైతే బిళ్ళను బిళ్ళగానే తిరిగి కొంటాం. తెలియనివాడైతే ఉలితో నడిమికి కోసి, లోపల చూసి, మూసలో వేసి కరిగిస్తాం. పైగా కొనేటప్పుడు కట్టిన మేకింగ్ ఛార్జి, అంటే అచ్చు కూలి, అమ్మేటప్పుడు రాదు. ఈ మాట చెబితే సగం మంది మొహం ముడుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పోతే పోయారు, చెప్పకుండా మాత్రం ఎవరికీ అమ్మలేదు.

అలా వెళ్ళిపోయినవాళ్ళలో సమ్మయ్య ఒకడు. సారపాక కాగితం మిల్లులో వెదురు దించే కాంట్రాక్టు కూలీ. మిల్లుకి అవతల రెండెకరాలు కౌలుకి పట్టి మిరప వేసేవాడు. నాలుగేళ్ళ ముందు వచ్చి, మిగిలిన డబ్బు వెండిలో పెడతానన్నాడు. బొమ్మ లేని కడ్డీ తీసుకో, కూలి తక్కువ పడుతుంది అన్నాను.

"కడ్డీని ఏం చూసుకుంటనమ్మా? రాముడున్నదైతే పొద్దున లేస్తే కండ్లకద్దుకోవచ్చు" అని లేచిపోయాడు.

ఆ తర్వాత, జీతాల రోజు మిల్లు గేటు దగ్గర సంచితో కూర్చునే ఒక ఏజెంటు దగ్గర సీతారాముల రౌండ్లు కొంటున్నాడని తెలిసింది. కోపం రాలేదంటే అబద్ధం. చేతులు కాలాక ఆకుల కోసం నా దగ్గరికే వస్తాడులే అనుకున్నాను.

వచ్చాడు. ఆ జనవరిలోనే. వెంట భార్య లచ్చమ్మ కూడా ఉంది. ఆమె కొంగులోంచి ఎర్రగుడ్డ మూట తీసి బల్ల మీద పెట్టింది. విప్పితే తొమ్మిది బిళ్ళలు, ఒక్కొక్కటి యాభై గ్రాములు. పసుపు, కుంకుమ పట్టి, నల్లబడి, సీతమ్మ ఎవరో లక్ష్మణుడెవరో గుర్తు పట్టేట్టు లేరు.

"బాయి మోటరు కాలిపోయిందమ్మా" అంది లచ్చమ్మ. "కాయ మీదున్న చేను. నాలుగు దినాలల్ల నీళ్ళు పెట్టకపోతే ఎండిపోతది. కొత్తగూడెంల ఒకాయన పాత మోటరు ఇస్తనన్నడు, పైసలు చేతుల పెట్టాలె."

మింటు పేరు చూశాను. నాకు తెలిసిన పేరు కాదు. ఏజెంటు సంగతి అడిగితే, దసరా తర్వాత మళ్ళీ కనపడలేదన్నారు. ఉలీ సుత్తీ తీశాను. ఒక బిళ్ళను దిమ్మె మీద పెట్టేసరికి సమ్మయ్య నా చేతికి తన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గదేందమ్మా, రాముణ్ణి నడుమ కోస్తవా?"

"కొయ్యకపోతే లోపల ఏముందో ఎట్లా తెలుస్తుంది? తెలియని ముద్ర ఇది."

"నాలుగేండ్లు మొక్కిన. దీపం పెట్టిన. నీ కాళ్ళు మొక్కుత, కొయ్యకు."

లచ్చమ్మ అతని చెయ్యి పట్టి పక్కకు లాగింది. "చేను ఎండుతాంటే దేవుడు సూస్తాండా? కొయ్యమ్మా. పాపమొస్తే నాకే రానీ." అంటూనే ఏడ్చేసింది.

ముప్పై ఏళ్ళకు దగ్గరైన నా వ్యాపారంలో నగలు అమ్ముకుంటూ ఏడ్చినవాళ్ళని చాలామందిని చూశాను. కానీ ఇద్దరిదీ న్యాయమే అయి, ఇద్దరూ నా ఉలి వైపే చూస్తుంటే చెయ్యి ఆడకపోవడం అదే మొదటిసారి. చెప్పిన మాట వినలేదన్న నా కోపం అక్కడే దిగిపోయింది.

ఉలి పక్కన పెట్టి గ్లాసుతో నీళ్ళు తెప్పించాను. కొయ్యకుండా లోహాన్ని పట్టుకునే దారి ఒకటుంది. దాన్ని స్పెసిఫిక్ గ్రావిటీ అంటారు, మా నాన్న మాత్రం నీళ్ళ తూకం అనేవాడు. బిళ్ళని దారంతో త్రాసుకి కట్టి నీళ్ళలో మునిగేట్టు వేలాడదీస్తే తూకం తగ్గుతుంది. అసలు వెండి యాభై గ్రాములది అయిదు గ్రాముల లోపే తగ్గుతుంది. జర్మన్ సిల్వర్, అంటే పేరులో తప్ప వెండి లేని తెల్లలోహం, ఆరు దాకా తగ్గుతుంది. ఆ తర్వాత బొమ్మ జోలికి పోకుండా అంచు ఒక్కటే గీటురాయి మీద గీసి యాసిడ్ చుక్క వేస్తే సరిపోతుంది. గంట పట్టే పని. అందుకే బజారులో ఎవరూ చెయ్యరు, ఉలి అయితే ఒక్క దెబ్బ.

చింతపండుతో తోమి ఒక్కొక్కటీ వేలాడదీశాను. ఎనిమిది నిలబడ్డాయి. తొమ్మిదోది ఆరు దగ్గరికి తగ్గింది. తొమ్మిదింటి అంచులూ గీశాను, యాసిడ్ కూడా అదే చెప్పింది.

"ఇది వెండి కాదు సమ్మయ్యా" అన్నాను.

లచ్చమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇగ దీన్ని కోసినా, పారేసినా పాపం లేదు గదా?"

సమ్మయ్య ఆ బిళ్ళని తీసి తువ్వాలుతో తుడిచాడు. "దీంట్ల గూడ రాముడే ఉన్నడు గదనే. వెండి లేకపోతే ఏంది, మొక్కుతానికి గిది సాలు. ఇంట్ల ఉంటది. తీస్కోమ్మా ఆ ఎనిమిది."

ఆ మాటకి నేనే ముందు నవ్వాను, లచ్చమ్మ కూడా నవ్వింది. ఎనిమిదింటికీ ఆ రోజు బజారు ధర కట్టాను. కరిగించేది లేదు కాబట్టి తరుగు తియ్యలేదు. మేకింగ్ ఛార్జి మాత్రం పోయిందని మొహం మీదే చెప్పాను. ఆ సాయంత్రమే మోటారు తెచ్చుకున్నారు. బిళ్ళలకి నా కొట్టు చీటీ పెట్టి, ముద్ర ఎవరిదైనా పూచీ నాదని చెప్పి, నవమికి వచ్చిన యాత్రికులకు ఉన్నవి ఉన్నట్టే అమ్మాను. ఒక్కటి కూడా మూస మొహం చూడలేదు.

ఎండాకాలంలో, ఖమ్మం మార్కెట్‌లో మిరప అమ్ముకున్నాక, లచ్చమ్మ ఒక్కతే వచ్చింది. పళ్ళెంలో రౌండ్లు పరిచి చూపించాను. దేవుడున్న ప్రతి బిళ్ళనూ వేలితో పక్కకు జరుపుకుంటూ పోయింది.

"మొఖం లేనిది లేదా అమ్మా?"

"ఎందుకే?"

"మొఖముంటే ఆయన అమ్మనియ్యడు. నాకు గూడ మనసొప్పదు."

అప్పటిదాకా వెండి గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. లోహం సంగతి వరకు అది నిజమే. కానీ కొన్న మనిషి తిరిగి అమ్మే రోజు ఎలా ఉంటాడన్నది గీటురాయి చెప్పదు. ఆ వారమే మా ఆయనకి చెప్పి రెండు వైపులా నున్నగా ఉన్న రౌండ్లు తెప్పించాను. ఆ తర్వాత కొట్టు ఎత్తేసేదాకా, బిళ్ళ అడిగిన ప్రతివాళ్ళనీ తక్కెడ తీసే ముందు ఒకే మాట అడిగాను: "మొక్కుకోవడానికా, అమ్ముకోవడానికా?"

రెండింటికీ అన్నవాళ్ళకి రెండు బిళ్ళలు ఇచ్చాను.