పారే నీళ్లలో కలిపిన మొక్క

మా ఆడపడుచు భర్త ఓడలో పనిచేసేవారు. అరవైల చివర్లో ఒకసారి సింగపూర్ నుంచి వస్తూ తెనాలిలో మా ఇంటికొచ్చి, సబ్బుపెట్టె తెరిచి, తడిగుడ్డలో చుట్టిన నీటిమొక్క ఒకటి నా చేతిలో పెట్టారు. నేను స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఇంట్లో నాకొక గాజు తొట్టె, అందులో నాలుగు ఎర్రచేపలు ఉండేవి. అన్నయ్యగారు పట్టుచీర తెచ్చినా నేను అంత సంబరపడేదాన్ని కాదు.

ఈకల్లాంటి ఆకులు దానికి. నెల తిరక్కుండా తొట్టె నిండిపోయింది. ఇక పదిహేను రోజులకోసారి కత్తిరించాల్సి వచ్చేది. పచ్చటి ముక్కల్ని చెత్తలో పారేయడానికి చెయ్యి రాలేదు. పూజ చేసిన పూలైనా, ఎండిన తులసి కొమ్మైనా పారే నీళ్లలోనే కలపాలని మా అమ్మ నేర్పిన అలవాటు. అందుకని స్కూలుకి వెళ్తూ వంతెన మీద ఆగి, వాటిని కాలువలో వదిలి, చేతులు దులుపుకుని వెళ్లిపోయేదాన్ని. ఏడాది పైనే ఈ పుణ్యం చేశాను.

ఆ తర్వాత బాపట్లలో ఒక గృహప్రవేశానికి వెళ్లాం. మావారి బాబాయిగారు అక్కడే ఉండేవారు. పైర్లకొచ్చే పురుగులూ తెగుళ్లూ చూసే ఉద్యోగం ఆయనది. మెచ్చుకుంటారని నా మొక్క కొమ్మ ఒకటి సీసాలో వేసుకుని తీసుకెళ్లాను. గొప్ప చూపించుకోవాలనే యావ నాకు ఎప్పుడూ ఉంది. ఆయన సీసాని వెలుతురుకి పట్టుకుని చూసి, దీని కాగితాలేవని అడిగారు. మొక్కకి కాగితాలేమిటన్నాను.

పైదేశం నుంచి ప్రాణమున్న మొక్క తేవాలంటే ముందు ప్రభుత్వం అనుమతి ఉండాలట. పురుగూ తెగులూ లేదని ఆ దేశపు వ్యవసాయ శాఖ రాసిచ్చిన పత్రం ఉండాలట. రేవులో అధికారి చూసి సరేనంటేనే బయటికొస్తుందట, లేకపోతే అక్కడే తగలబెడతారట. దుంపైనా, గింజైనా, చేపల తొట్టెలో నాచైనా అంతేనట. అన్నయ్యగారి ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలీసులు స్కూలుకే వస్తారనుకున్నాను.

"అమ్ముకోడానికి కాదండి, సరదాకి పెంచుకుంటున్నానండి," అన్నాను.

"గుర్రపు డెక్కని కూడా మొదట సరదాకే తెచ్చారమ్మా. ఇది ముక్క ముక్కకీ వేరు పోస్తుంది. కత్తిరించినవి ఏం చేస్తున్నావు?"

ఎండబెట్టి కాలుస్తున్నానని అబద్ధమాడాను. భోజనాల దగ్గర ముద్ద దిగలేదు. గుర్రపు డెక్కని మా నాన్న తిట్టని రోజు లేదు. అది అడ్డంపడి నీళ్లు రాక, ఆయన నారు ఎండిపోవడం నేను చూశాను. నేను ముక్కలు వదిలిన కాలువ వెళ్లేది రేపల్లె వైపే. అక్కడ నగరం అనే ఊరి దగ్గర, దాని చివరి నీళ్లే మా నాన్న చేనుకి ఆధారం.

ఇంటికి రాగానే తొట్టె ఖాళీ చేసి, మొక్కంతా డాబా మీద ఆరబోసి, గలగలలాడేదాకా ఎండాక కాల్చేశాను. పోలీసుల భయం పది రోజుల్లో పోయింది. కాలువ భయం పోలేదు. వంతెన మీద నడుస్తుంటే నీళ్లలో పచ్చగా ఏది కదిలినా అదేననిపించేది. మావారికి కూడా చెప్పలేదు. వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేశాక గొడుగేసుకుని మూడు ఆదివారాలు ఆ కాలువ అడుగున నడిచాను. బీటలు తీసిన మట్టి తప్ప ఏమీ కనిపించలేదు. గండం గడిచిందనుకుని చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఆ సెలవుల్లోనే రేపల్లెలో రైలు దిగి, బస్సెక్కి పుట్టింటికి వెళ్లాను. కాళ్లయినా కడుక్కోనివ్వకుండా మా నాన్న నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. నీళ్ల గాబు నిండా ఈకల్లాంటి ఆకులు ఒత్తుగా ఉన్నాయి.

"నిరుడు మన తూములో చిక్కుకుంటే తీసి ఇందులో వేశానమ్మాయ్. నీకు ఇలాంటివి ఇష్టం కదా."

ఇదొక్కటేనా నాన్నా అని అడిగాను.

"అడిగినవాళ్లందరికీ తలో కొమ్మా ఇచ్చాను. మంచినీళ్ల చెరువులో కూడా కాస్త వేశాను," అన్నాడు, నేను సంతోషిస్తానని నా మొహంలోకి చూస్తూ.