తోకలక్క పట్టిన ఆవిరి

మా తోడికోడలిని ఫ్యాక్టరీలో అందరూ తోకలక్క అనేవారు. ఉడికిన లాబ్‌స్టర్‌ని, అంటే సముద్రపు పెద్దరొయ్యని, ఎడమచేత్తో తల దగ్గర పట్టుకుని, కుడిచేత్తో ఒక్క మెలిక తిప్పితే చాలు, తోక ఊడి పళ్లెంలో పడేది. పక్కవాళ్లు ఒకటి తీసేలోపు ఆవిడ రెండోదాని పని పట్టేది. ఆ పేరంటే ఆవిడకు గర్వం. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఇంటికి పెద్దకోడలిని పట్టుకుని తోక అనడమేమిటి?

ఆవిడ పని ఉడకబెట్టే గదిలో. పెద్ద పెద్ద కాగులు, వాటిలో సలసలా మరిగే ఉప్పునీళ్లు, కిటికీలు లేని గోడలు. ఆ పక్కనే చలిగది. వేడిలోంచి చలిలోకి, చలిలోంచి వేడిలోకి రోజంతా తిరగాలి. అక్కడ చేరిన చాలామందికి ఏడాది తిరిగేసరికి దగ్గు పట్టుకునేది. చలి ఛాతీలోకి దిగిందని వాళ్ల నమ్మకం. దానికి మందు కనిపెట్టింది మా అక్కే. టీ గంట కొట్టగానే కాగు మూత కాస్త జరిపి, నెత్తిన తువ్వాలు కప్పుకుని ఆవిరి పట్టేది. "మరిగే నీళ్లు ఎదురుగా ఉంటే మందులషాపు దాకా ఎందుకు?" అనేది. గదిలో వాళ్లందరికీ తనే దగ్గరుండి నేర్పింది.

దగ్గు తగ్గలేదు. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మెట్లెక్కి వచ్చి గడప మీదే కూలబడేది. అడిగితే, "చలి ముదిరింది, ఇంకాసేపు ఆవిరి పట్టాలి" అనేది. చెబితే వినే రకం కాదు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు.

ఒకసారి కాగుల మరమ్మతు కోసం ఫ్యాక్టరీ వారంపాటు మూశారు. ఆ వారంలో అక్క మళ్లీ పాతమనిషి అయింది. తడిబట్టల బకెట్టు మోసుకుంటూ మేడెక్కింది. నాతో వాదన పెట్టుకుని గెలిచింది. పిల్లికూతలు మచ్చుకైనా లేవు. సంతోషించాల్సింది పోయి నాకు భయం వేసింది. ఇంటిపట్టున ఉంటే తగ్గిపోయే ఈ జబ్బేమిటి? బావగారితో అదే అన్నాను.

"పని లేకపోతే ఎవరికైనా ఒంట్లో బాగానే ఉంటుందమ్మా. నన్ను చూడు," అన్నారాయన పేపరు దించకుండా.

సెలవుల ఆఖరిరోజున పెంకు పగిలి పెట్టెల్లోకి పనికిరాని పచ్చి తోకల్ని ఫ్యాక్టరీవాళ్లు పనివాళ్లకు పంచారు. అన్ని వేల తోకలు మెలితిప్పిన చేతులతో ఇంట్లో ఒక్కటీ వండింది లేదు. అక్క సంబరం చూడాలి. చలిగదిలో గడ్డకట్టిన వాటిని చన్నీళ్లలో వేసి విడదీసింది. కత్తెరతో వీపు మీద పెంకు చీల్చి, నల్లటి నరం లాగి పారేసింది. ఉడికేటప్పుడు ముడుచుకోకుండా ఒక్కోదానిలో పుల్ల గుచ్చింది. బయట వాన జల్లు కొడుతోందని కిటికీ మూసేశాం. వెడల్పాటి గిన్నెలో ఉప్పునీళ్లు మరిగాక తోకలు ఒక్కొక్కటే జారవిడిచింది. బూడిదరంగు పెంకులు చూస్తుండగానే ఎర్రబడ్డాయి. పక్క పొయ్యి మీద నేను వెన్నలో వెల్లుల్లి వేయిస్తున్నాను. వంటగదంతా ఆవిరి కమ్మేసింది.

"పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే," అని గుమ్మంలోంచి బావగారు నవ్వారు.

అక్క కూడా నవ్వబోయింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది, ఆ వెనకే పిల్లికూతలు. వారమంతా లేనిది, గిన్నె మూత తీయగానే వచ్చింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. అక్క మాత్రం తాపీగా వంకెనున్న తువ్వాలు తీసుకుంది.

"వద్దక్కా. వారమంతా ఆవిరి పట్టకుండానే బాగున్నావు కదా."

"పట్టలేదు కాబట్టే మళ్లీ వచ్చింది," అని తువ్వాలు కప్పుకుని గిన్నె మీదకు వంగింది.

నేను తువ్వాలు లాగేసరికే ఆవిడ పెదాలు నల్లబడ్డాయి. లోపలికి పోయిన గాలి బయటికి రావడం లేదు. గొంతు కింద గుంట లోతుగా పడి లేస్తోంది. బావగారు ఆవిడను ఎత్తుకుని మెట్లు దిగారు. ఆయన అంత వేగంగా కదలగలరని నాకు ఆరోజే తెలిసింది.

ఆస్పత్రిలో ఊపిరి నిలబెట్టాక డాక్టరు అక్క పని గురించి వివరంగా అడిగాడు.

"మీకు చలి పట్టలేదమ్మా. లాబ్‌స్టర్ ఉడికిన నీళ్ల ఆవిరే మీకు పడదు. ఏళ్ల తరబడి పీల్చి ఒళ్లు ఎదురుతిరిగింది. ఈసారి దక్కారు. మళ్లీ ఆ గదిలోకి వెళితే నేను ఏ మాటా ఇవ్వలేను."

అక్క ఏడ్చింది. పని పోయినందుకు అనుకుని ఓదార్చబోయాను.

"అది కాదే. వాళ్లందరికీ నేనే కదా నేర్పాను," అంది.

ఇంటికి పంపిన మర్నాడే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి బయల్దేరింది. గేటు దాటనని మాట తీసుకుని నేనూ వెంట వెళ్లాను. షిఫ్టుకు వస్తున్నవాళ్లను ఆపి ఒక్కొక్కరికీ చెప్పింది. ఇద్దరు ముగ్గురు ఆలోచనలో పడ్డారు. మిగతావాళ్లు, "ఒక్కసారి ఆస్పత్రి మెట్లెక్కి డాక్టరమ్మవైపోయావే," అని వేళాకోళమాడి లోపలికి పోయారు. అందరికంటే ఎక్కువ దగ్గేది నవ్వులమ్మ అనే ఆవిడ. ఆవిడ మాత్రం కనిపించలేదు. ముందే వచ్చి పనిలో దిగిందట.

"ఒక్కసారి పిలిపించు," అని అక్క వాచ్‌మన్‌ను బతిమాలింది.

"షిఫ్టులో ఉన్నవాళ్లను పిలవకూడదు. నువ్వు లోపలి మనిషివే కదా, వెళ్లి చెప్పిరా."

టీ విరామం దాకా గేటు దగ్గరే నిలబడ్డాం. బయటికి వస్తుందేమో అని అక్క ఆశ. గంట కొట్టారు. ఎవరూ రాలేదు. ఇప్పుడు కాగు మూత జరుపుతారని ఆవిడకు తెలుసు. నేను వెళ్తానన్నాను. కార్డు లేనిదే కుదరదని వాచ్‌మన్ అడ్డు నిలబడ్డాడు.

"గుమ్మంలోంచే పిలుస్తాను. లోపల అడుగుపెట్టను," అంది అక్క. నేను చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని వెళ్లింది.

తర్వాత సంగతి నవ్వులమ్మ చెబితే తెలిసింది. గుమ్మంలోంచి అక్క పిలిచిందట. తువ్వాలు కింద, కాగు హోరులో ఈవిడకు వినపడలేదు. అక్క లోపలికి వెళ్లి తువ్వాలు లాగేసింది. పరాచికమనుకుని ఈవిడ నవ్వింది. "వద్దు" అన్న ఒక్క మాటే అక్క నోట్లోంచి వచ్చింది. అక్కను గేటు దాకా మోసుకొచ్చేసరికే అంతా అయిపోయింది.

నవ్వులమ్మ ఆ పని మానేసింది. ఇప్పుడు తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముతుంది. దగ్గు లేదు. నన్ను చూడగానే చేతికి అందినవన్నీ నా సంచిలో వేస్తుంది, వద్దన్నా వినదు. ఆవిడ తప్పేమీ లేదని నాకు తెలుసు. అయినా పొద్దున్నే మా వీధి మలుపులో నిండా ఊపిరి తీసుకుని కూరగాయలని కేక వేస్తుందే, అప్పుడు నా కడుపు మండిపోతుంది.