ఎవరి దుఃఖానికి ఎక్కువ ఓట్లు

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఉన్న ఆ జ్యూస్ కంపెనీ గోడౌన్‌లో రాజేశ్వర్‌ను కోపిష్టి అని ఎవరూ అనేవారు కాదు. జగిత్యాల దిక్కు మనిషి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, డ్యూటీ దిగితే కార్మికులుండే క్యాంపులో వంట చేసుకునేవాడు, ఒకరి జోలికి పోయేవాడు కాదు.

రంజాన్ నెలలో ఒకనాడు హెప్సీ గోడౌన్‌కు వచ్చింది. కాకినాడ అమ్మాయి, కంపెనీ సోషల్ మీడియా పేజీలన్నీ ఆమే చూస్తుంది. లైవ్ వీడియో నడుస్తుండగానే చూసేవాళ్లు ఓటేసే ఏర్పాటు కొత్తగా వచ్చిందట. సీసాల ఫొటోలు పెడితే ఎవరూ ఆగడం లేదు. ఓట్లు, కామెంట్లు పడితేనే వీడియో పదిమందికీ చేరుతుందట. అందుకని ఆఫీసువాళ్లు ఒక పోటీ పెట్టారు.

"ముగ్గురు మీ ఇంటి సంగతులు చెప్పాలి అన్నయ్యా. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకి పండక్కి సెలవు, టికెట్టు."

"ఇంటి సంగతులంటే?" అన్నాడు రాజేశ్వర్.

"కొంచెం మనసుకు తగిలేవి," అంది హెప్సీ, అతని మొహం చూడకుండా.

రాజేశ్వర్, ప్యాకింగ్‌లో చేసే అంజి, లోడింగ్ చేసే ముబారక్. ఈ ముగ్గురినీ ఫోను ముందు నిలబెట్టారు. రాజేశ్వర్, ముబారక్‌లది ఒకే గది. పక్కనున్న టీవీలో ఓట్లు, కామెంట్లు కనిపిస్తున్నాయి. కూతురు తనను గుర్తుపట్టడం లేదని అంజి చెప్పాడు. పక్షవాతంతో మంచం పట్టిన తల్లి లింగవ్వ గురించి రాజేశ్వర్ చెప్పాడు. చెబుతూ నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడే అతని ఓట్లు సర్రున పైకి లేచాయి. అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు కెమెరా వెనక నుంచి బొటనవేలు చూపించాడు. రాజేశ్వర్ చూపు తిప్పుకున్నాడు.

ముబారక్ వంతు వచ్చింది. నోరు పెగల్లేదు. ఊరికే నిలబడ్డాడు. టీవీ మీద తెలుగులో ఒక కామెంట్ పడింది: "మూడో ఆయన యాక్టింగ్ బాలేదు."

ముబారక్ అది చదివి తల దించుకున్నాడు.

రాజేశ్వర్ నేరుగా ఫోను దగ్గరికి నడిచాడు. "వీని అబ్బ సచ్చిపోయి నెల గాలె. సెలవడిగితే పని ఎక్కువున్నదన్నరు. మట్టియ్యనీకి సుత పోలేదు వీడు. యాక్టింగ్ బాగలేదా నీకు? ఇంటికి పొయ్యేటందుకు మేం ఏడ్వాలె, మీరు ఓట్లెయ్యాలె? నా ఓట్లు నాకొద్దు. ఖలాస్."

ఫోనును బోర్లా పెట్టేసి వెళ్లిపోయాడు.

మర్నాడు ఉద్యోగం పోతుందనుకుంటూ ఆఫీసుకు పోతే ముదీర్ నవ్వుతూ కుర్చీ చూపించాడు. "ముబారక్‌కు టికెట్ ఇచ్చేశాం. నీ వీడియో ఎంతమంది చూశారో తెలుసా? కోపానికి కామెంట్లు బాగా వస్తాయి. ఇంకోటి చేద్దాం."

లైవ్‌ను కత్తిరించి మళ్లీ పెట్టిన ఆ వీడియోను రాజేశ్వర్ చూశాడు. సెలవు ఇవ్వలేదన్న మాట అందులో లేదు. ముబారక్ దించిన తల, "నా ఓట్లు నాకొద్దు" అన్న తన గొంతు, ఆ తర్వాత మెత్తటి సంగీతం, చల్లటి జ్యూస్ సీసా. కింద "స్నేహం రుచి" అని రాసి ఉంది.

హెప్సీ బల్ల ముందుకు వెళ్లి నిలబడ్డాడు. "నువ్వే కోసినవా?"

"నేనే అన్నయ్యా. అదే నా పని."

"తీసెయ్."

"తీస్తే నన్ను తీసేస్తారు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజేశ్వర్‌కు జాలి కలగలేదు. గోడౌన్‌కు తిరిగొచ్చి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాడు.

ముబారక్ టికెట్ తీసుకుని ఊరికి పోయాడు. వద్దని చెప్పడానికి రాజేశ్వర్‌కు మనసొప్పలేదు. కానీ ఆ తర్వాత హెప్సీ ఫోను పట్టుకుని వచ్చిన ప్రతిసారీ అందరి దగ్గరికీ తనే వెళ్లి, "పోకుండ్రి" అని చెప్పాడు. అంజి సహా ఒక్కరూ పోలేదు.

కంపెనీ ఊరుకోలేదు. బయటినుంచి ఇద్దరు నటులను తెచ్చి, గోడౌన్ యూనిఫాం తొడిగి, చెమట పట్టినట్టు మొహాల మీద నీళ్లు చిలకరించి, పెట్టెల వరసల మధ్య నిలబెట్టింది. లైవ్ మొదలైంది. రాజేశ్వర్ ఫోర్క్‌లిఫ్ట్ తీసుకుని సరిగ్గా అదే దారిలో వచ్చాడు. హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

ముదీర్ పరుగున వచ్చాడు. "రెండు నిమిషాలు ఆగలేవా?"

"లారీ ఆగదు. ఇది పనిజేసే జాగ, జరుగమను," అన్నాడు రాజేశ్వర్.

నటులు పక్కకు జరిగారు.