రెండు దవడలూ చూడమన్న మేడమ్

పోయిన మంగళవారం పొద్దున మా ఎదురింటి సారు వీధి దాటి వచ్చి, గుమ్మం అవతలే నిలబడి, "ఆవిడ వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. నేను చింతపండు నానబెడుతున్నాను. ఎక్కడికి వెళ్ళారని అడగబోయి, ఆయన కాళ్ళకు చెప్పులు లేకపోవడం చూసి ఆగిపోయాను. కాలేజీకి తయారవుతూ గుండె పట్టుకుని మంచం మీద కూర్చున్నారట. ఆటో వచ్చేలోపే అయిపోయింది. ఇంకా అరవై కూడా నిండలేదు.

లోపలి గదిలోంచి మా అత్తమ్మ "ఎవరు పోయిన్రు?" అని కేకేసింది. చెప్పాను. "నేను పోవాల్సింది. లైన్ల నా నంబరు ముందుండె" అంది.

పేపర్లో రెండు లైన్లు వేశారు, బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ మృతి అని. అందులో తప్పేమీ లేదు. కానీ పాతబస్తీలో, ఈ మొఘల్‌పురాలో మా సందువాళ్ళకు ఆమె ఎవరో ఆ రెండు లైన్లలో లేదు. నాకు తెలిసినంత వరసగా రాస్తాను.

ఎనభైల మొదట్లో ఆ దంపతులు మా ఎదురింట్లో అద్దెకు దిగారు. గుంటూరు వైపు వాళ్ళు. సందులో అందరూ ఆమెను డాక్టరమ్మ అనేవారు, నేను మేడమ్ అనేదాన్ని. జ్వరానికి మాత్ర అడిగితే, "నేను ఆ డాక్టర్ని కాదండీ, నాది సీసాల డాక్టరీ" అని నవ్వేవారు. గడియారం మణికట్టు లోపలివైపు పెట్టుకునేవారు. టీ ఎప్పుడూ నిలబడే తాగేవారు. పొయ్యి మీద పప్పు పెట్టి మరిచిపోవడం వారానికి రెండుసార్లయినా జరిగేది. మాడిన వాసన మాకు ముందు తెలిసేది, నేను ఇక్కడినుంచి కేకేసేదాన్ని.

ఆమె పని నోటి క్యాన్సర్ మీద. నోరు, నాలుక, గొంతు, ఆ భాగాల్లో వచ్చేది. మంచి కణం ఎందుకు చెడుతుంది, చెడేటప్పుడు దాని లోపల ఏం మారుతుంది అన్నది ఆమె చదువు. ఆస్పత్రిలో ఆపరేషన్ జరిగినప్పుడు తీసిన గడ్డలోంచి చిన్న ముక్క అడిగి తీసుకుని, ఐసులో పెట్టుకుని, ఊరికి ఆ చివరనున్న ల్యాబుకు ఆటోలో తీసుకెళ్ళేవారు. ఒకసారి నేనూ అదే ఆటోలో ఉన్నాను. ఆటో అతను అద్దంలో డబ్బా చూసి, "ఏముందమ్మా అండ్ల, కుల్ఫీయా?" అన్నాడు. "కుల్ఫీ కాదు భాయ్. కానీ దానికంటే తొందరగా పాడైపోతుంది, కొంచెం తొక్కండి" అన్నారు మేడమ్. అతను నిజంగానే తొక్కాడు. చాదర్‌ఘాట్ దాటేదాకా నేను కమ్మీ వదల్లేదు.

సీసాలతోనే ఆమెకు సరిపోలేదు. "ఆస్పత్రికి వచ్చేసరికి ఆలస్యమైపోతోందండీ. అది మొదలయ్యే చోట చూడాలి" అనేవారు. ఆస్పత్రిలో సర్జన్ దగ్గర ఏడాదిపాటు నిలబడి, తెల్ల మచ్చ ఎలా ఉంటుంది, ఎర్ర మచ్చ ఎలా ఉంటుంది, దేన్ని వెంటనే పంపించాలి అన్నది నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆదివారాలు మా సందులో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. ఇక్కడ తంబాకు, అంటే పొగాకు, నమలని ఆడవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎవరింటికి వెళ్ళినా ముందు ఆకు వక్కల పెట్టె, పాన్‌దాన్ వస్తుంది, వద్దంటే మనసు నొచ్చుకుంటారు. మేడమ్ వద్దనేవారు కాదు. ఉత్త ఆకు, నాలుగు సోంపు గింజలు తీసుకుని నమిలి, "నేను మీ మాట విన్నాను. ఇప్పుడు మీ వంతు, నోరు తెరవండి" అనేవారు. అట్లా చూడని నోరు మా సందులో లేదు.

నేను ఇందులోకి వచ్చింది నా రాత వల్ల. మా వంటింటి గోడ మీద గ్యాసు మార్చిన తారీఖు, పిల్లల టీకాలు, అత్తమ్మ బీపీ మాత్రలు, అన్నీ కాగితాల మీద గళ్ళు గీసి రాసి పెడతాను. అవి చూసి ఆమె, "నాకు రిజిస్టర్ రాసిపెడతారా?" అన్నారు. మనిషి పేరు, వయసు, ఎన్నేళ్ళ అలవాటు, మచ్చ ఏ వైపు, ఎంత, మళ్ళీ ఎప్పుడు చూడాలి. మచ్చ కొలత నాకు చేతకాక ఆవగింజంత, కందిపప్పంత, శనగగింజంత అని రాశాను. ఆమె కొట్టేయలేదు. పక్కన మిల్లీమీటర్లు వేసి, "మీ కొలతే నాకు ముందు కళ్ళకు కడుతుంది" అన్నారు. కొన్నాళ్ళకు టార్చి కూడా నా చేతికిచ్చారు. దవడ పక్కకు లాగడానికి డజను స్టీలు చెంచాలు నేనే ఉడకబెట్టి పెట్టేదాన్ని. ఆమెకు తీరని వారం నేనొక్కదాన్నే చూసి రాసేదాన్ని.

ఒకరోజు ఆ చెంచాలు ఉడుకుతుండగా, కుట్టు ఊడిన పాత రిజిస్టర్ని కొత్తదానిలోకి ఎక్కిస్తున్నాను. ఆమె టీ గ్లాసుతో నిలబడి చూస్తూ, "ఒక పేరు తప్పుగా ఎక్కిస్తే ఏమవుతుంది?" అన్నారు.

"చూసుకుంటే కొట్టేసి రాస్త."

"చూసుకోకపోతే?"

"తర్వాతి పుస్తకంల గూడ తప్పే ఎక్కుతది."

"అంతేనండీ నా చదువంతా. కణం రెండయ్యేటప్పుడు తన పుస్తకం మొత్తం ఎక్కించుకుంటుంది. పొగాకు అందులో అక్షరాలు మారుస్తుంది. కణం పైన మీటల్లాంటివి ఉంటాయి. పెరగమని కబురొచ్చి మీట నొక్కితే పెరుగుతుంది, పని కాగానే మీట పైకి లేవాలి. ఆ మీట గురించి రాసిన చోటే అక్షరం తప్పితే, అది నొక్కుకుపోయి ఉండిపోతుంది. కణం పెరుగుతూనే ఉంటుంది. తప్పు ఉంటే ఆగమని చెప్పే కాపలా కూడా ఉంటుంది. అదీ చెడితే ఇక అడ్డేముంది?"

గడప మీద కూర్చున్న మా అత్తమ్మ దవడలో తంబాకు సర్దుకుని, "నా నోట్ల గిన్ని పుస్తకాలున్నయా డాక్టరమ్మా? నాకు సదువే రాదాయె" అంది.

మేడమ్ టీ ఒలికేలా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "ఇప్పుడు మన దగ్గర ఉన్నవి కత్తీ, కరెంటూ, కొన్ని మందులూ. మంచి కణాన్నీ చెడ్డదాన్నీ వేరు చేయడం వాటికి సరిగ్గా రాదు. ఏ మీట చెడిందో తెలిస్తే మందు దాని మీదికే పంపొచ్చు" అన్నారు. ఆపరేషన్ తర్వాత పెట్టే రేడియేషన్‌ని మేమందరం కరెంటు అనేవాళ్ళం. ఆమె కూడా మాతో అట్లాగే అనేవారు.

అప్పటికి అత్తమ్మకు ఎడమ దవడలో శనగగింజంత తెల్ల మచ్చ ఉంది. ముప్పై ఏళ్ళు తంబాకు పెట్టిన చోటు. మేడమ్ ఆమెకూ, మరో నలుగురికీ ఒకే మాట చెప్పారు: ఎడమ దవడ చెడుతోంది, తంబాకు మానండి, నెలనెలా చూద్దాం. సెలవుల్లో మేడమ్ ఊళ్ళో లేరు. మూడు నెలలు నేనే చూశాను. అత్తమ్మ మచ్చ శనగగింజంత నుంచి కందిపప్పంతకు తగ్గింది. మిగతా నలుగురికీ తగ్గింది. రిజిస్టర్‌లో నీటుగా ఎక్కించి, ఆమె రాగానే పరీక్షలో పాసైన పిల్లలా తీసుకెళ్ళి ముందు పెట్టాను.

ఆమె పేజీలు తిప్పారు. మెచ్చుకోలేదు. "ఐదుగురికీ ఎడమవైపు ఒకేసారి ఎందుకు తగ్గింది? తంబాకు అంత తేలిగ్గా మానేశారా?" అన్నారు.

అప్పుడు మా పక్కింటి ఖాలా, లక్కగాజులు చేసే ఆవిడ, అక్కడే ఉంది. ఆమె కూడా ఆ ఐదుగురిలో ఒకరు. మేడమ్ అడిగితే ఎంతో ధీమాగా, "ఆపీచ్ బోలే నా డాక్టరమ్మా? ఎడమ దిక్కు ఖరాబైందని మీరే అన్నరు గద. అందుకే ఇప్పుడు గిటు పెడుతున్నం" అని కుడి దవడ మీద తట్టి చూపించింది. అందరికీ ఆ ఉపాయం చెప్పింది మా అత్తమ్మేనట. మాట విన్నట్టూ ఉంటుంది, తంబాకూ ఉంటుంది.

ముందు నవ్వొచ్చింది. మేడమ్ నవ్వకుండా టార్చి తీసుకుని మా ఇంటికి నడిచారు. అత్తమ్మను పీట మీద కూర్చోబెట్టి కుడి దవడ లాగి చూశారు. చివరి పన్ను వెనకాల పుండు ఉంది. అంచులు లేచి, ముట్టుకుంటే గట్టిగా ఉంది. మూడు నెలలు అదే నోట్లో, అదే టార్చితో, నేను ఎడమవైపే చూశాను.

"నా తప్పే మేడమ్" అన్నాను.

"మూడు నెలల్లో వచ్చేది కాదండీ ఇది. నోరంతా ఒకే పొగాకు రసంలో నానింది, పుస్తకాలు అంతటా తప్పాయి. కానీ నెలా రెండు నెలల ముందే కనపడి ఉండేది. ఆ మాట మీ దగ్గర దాచను" అన్నారు. తర్వాత స్కేలు అడిగి, రిజిస్టర్ పేజీని కొత్తగా గీశారు. కుడి దవడ, ఎడమ దవడ, నాలుక, నాలుక కింద, అంగిలి, చిగుళ్ళు, చివరి పళ్ళ వెనక. ప్రతిదానికీ ఒక గడి. "చూసి, ఏమీ లేకపోతే సున్నా వేయండి. చూడకపోతే ఖాళీ వదలండి. చూడని చోట సున్నా ఎప్పుడూ వేయకండి" అన్నారు. ఆమె నన్ను మందలించింది అంతే. ఆ మాట తర్వాత నేను రాసిన ఏ కాగితంలోనూ మరిచిపోలేదు.

అత్తమ్మ ఆస్పత్రికి రానంది. ముక్క తీస్తే పాకుతుందంది, నా నోరు నాతోనే పోనీ అంది. మా ఆయనా నేనూ చెప్పి చెప్పి అలిసిపోయాం. మేడమ్ మూడు రోజులు వరసగా వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. మూడోరోజు అత్తమ్మే అడిగింది.

"ఆ మీటకు మందు తెస్త అంటివి గద. ఎప్పుడొస్తది?"

"నా కాలంలో రాకపోవచ్చు పెద్దమ్మగారూ."

"మరి గింత తిరుగుడు దేనికి?"

"వచ్చేదాకా ఎవరో ఒకరు తిరగాలిగా. మీరు మాత్రం దాని కోసం ఆగలేరు. కత్తి ఇవాళ ఉంది, పుండు ఇంకా చిన్నగా ఉంది. వచ్చే నెల అడిగితే ఈ మాట చెప్పలేను."

అత్తమ్మ కొంగు అంచు మడతపెట్టింది. "సరే. కోసినంక నా ముక్క గూడ ఐసుల పెట్టుకపో. అండ్ల మీట ఏం ఖరాబైందో చూడు. ఎవరికన్న పనికొస్తది" అంది.

ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టారు. ఆరు వారాలు నీళ్ళు మింగడానికి కూడా ఏడ్చేది. మేడమ్ కాలేజీనుంచి నేరుగా వార్డుకొచ్చి, కట్టు చూసి, నాతో ఇంటికొచ్చేవారు. కుడివైపు దవడలో కొంత పోయింది. నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోదు, అన్నం మెత్తగా చేసి పెట్టాలి. ఇది జరిగి నాలుగేళ్ళయింది. అత్తమ్మ ఉంది. తంబాకు లేదు. ఆ ఐదుగురిలో ఖాలాతో సహా నలుగురు మానేశారు, ఒకామె మానలేదు, ఆమెను చూస్తూనే ఉన్నాం.

ఆ ముక్కలో ఏం తేలిందని నేను ఒకసారి అడిగాను. "ఒక మీట దగ్గర తేడా ఉన్నట్టుంది. ఉన్నట్టుంది అనే అంటాను, ఇంకా చాలా ముక్కలు చూడాలి" అన్నారు. ఆమెకు తెలిసినదానికంటే ఒక్క మాట ఎక్కువ చెప్పడం నేను వినలేదు. ఆ చాలా ముక్కలు చూడటం ఇప్పుడు ఆమె విద్యార్థుల పని. వాళ్ళు ముగ్గురు వచ్చారు, శవం దగ్గర ఏడ్చారు. ఐసులో ఉన్నవాటిని మేం వదిలిపెట్టబోమని సారుతో చెప్పి వెళ్ళారు.

మొన్న ఆదివారం ఏం చేయాలో నాకు తోచలేదు. ఆమె పోయి వారమైనా కాలేదు, ఎదురింటి తలుపు తీసే ఉంది, సారు లోపల ఒక్కరే ఉన్నారు. అయినా పొద్దున్నే గిన్నెలో చెంచాలు వేసి పొయ్యి మీద పెట్టాను. పది గంటలకు ఖాలా ఒక కొత్తావిడను వెంటబెట్టుకొచ్చింది. జహనుమా నుంచి మా సందుకు ఈ మధ్యే వచ్చిన ఆవిడ. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "డాక్టరమ్మనే లేదు గద, ఇంకెందుకు?" అంటోంది. నేను పొయ్యి మీది చెంచాల గిన్నె దించుతున్నాను.

అత్తమ్మ గోడ పట్టుకుని లోపలినుంచి వచ్చి, ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఎవరు అడిగినా చూపించని ఆ నోటిని, వంకర పోయిన దవడతో సహా, వెలుతురువైపు తిప్పింది.

"నాకు గింతే వస్తది" అంది, తెరుచుకున్నంత తెరిచి. "నీకు మంచిగ వస్తది గద. తెరువు. ఇంకొంచెం. ఆఁ, ఇంకొంచెం."