పళ్ల డాక్టరు నిజాయితీ

కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ చూసే అతన్ని అందరూ పళ్ల డాక్టరు అనేవారు. పాపం, జన్మలో ఎవరి పన్నూ పీకి ఎరగడు. రాశిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి నాలుగు గింజలు తీసి, పంటి కింద వేసి కొరికేవాడు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే పచ్చివన్నట్టు. ఇరవై రెండేళ్లలో అతని పన్ను తప్పు చెప్పిందన్నవాళ్లు లేరు.

అక్కడ కొన్న ధాన్యం అక్కడి మిల్లులోనే ఆడించి, అక్కడి రేషన్ దుకాణాల్లోనే పంచుతారు. పచ్చి ధాన్యం కొంటే, ముక్కిపోయిన బియ్యం వచ్చిపడేది తమ కంచాల్లోకే. అందుకే అతనికి అంత పట్టింపు. అది మంచి పట్టింపే, నేను కాదనను. కానీ దానితోపాటు ఇంకోటి కూడా ఉండేది. నిప్పులాంటి మనిషని తనను నలుగురూ అనుకోవాలి. రైతులిచ్చే టీ కూడా ముట్టేవాడు కాదు. ముట్టలేదన్న సంగతి మాత్రం పదిమందికీ చెప్పుకునేవాడు.

తేమ మిషన్ వచ్చాక, అంకె పదిహేడు దాటితే కొనకూడదన్నారు. ఆ డబ్బా అప్పుడప్పుడు తిక్కతిక్కగా చూపేది. అలాంటప్పుడు కొరికి చూసి, పంటి మాటే చీటీలో రాసేవాడు. పైవాళ్లు చూసీచూడనట్టు ఊరుకునేవారు.

ఆ ఏడు అతని చెల్లెలు ధాన్యం తెచ్చింది. భర్త పోయాక రెండెకరాలు కౌలుకు తీసుకుని ఒంటిచేత్తో పండించిన మొదటి పంట. ఐదు రోజులు రోడ్డు మీద ఆరబోసి, అరికాళ్లు బొబ్బలెక్కేదాకా తిరగేసింది. మిషన్ పద్దెనిమిదిన్నర చూపింది. అతను గింజలు నోట్లో వేసుకున్నాడు. టక్కుమన్నాయి. ధాన్యం శుభ్రంగా ఎండిందని అతనికి తెలిసిపోయింది. ఆ ఉదయమే అలాంటి అంకె వచ్చిన ఇద్దరిని పంటి మాట మీద గట్టెక్కించాడు కూడా.

తలెత్తితే, వరుసలో ఉన్నవాళ్లంతా అతని దవడకేసే చూస్తున్నారు.

"ఏం డాక్టరుగారూ, సొంత చెల్లెలికి పన్నేం చెప్తోంది?" అన్నాడెవడో. అందరూ నవ్వారు.

అతను గింజలు ఉమ్మేశాడు. "పచ్చిగా ఉన్నాయి. ఇంకో రెండ్రోజులు ఎండబెట్టి తీసుకురా."

"అన్నయ్యా, ఇంకోసారి చూడు. మబ్బు పట్టేలా ఉంది."

"మిషన్ చెప్పిందే లెక్క. వెళ్లమ్మా, వెనక జనం ఉన్నారు."

ఆమె సంచులు మళ్లీ బండెక్కించుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మొదలైన వాన మూడు రోజులు వదల్లేదు. పైన పట్టా కప్పినా అడుగునుంచి నీళ్లు ఎక్కాయి. నాలుగో రోజుకు రాశి మొత్తం మొలకెత్తింది. కోళ్ల దాణా వ్యాపారి ఎంతంటే అంతకే ఇచ్చేసింది. కౌలు కట్టలేదని ఆసామి పొలం ఇంకొకరికి అప్పగించాడు.

వారం తర్వాత మెకానిక్ వచ్చి, మిషన్ రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తోందని తేల్చి, సరిచేసి వెళ్లాడు. పళ్ల డాక్టరు పక్కనే నిలబడి విన్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఆ రోజు పన్నేం చెప్పిందో కూడా చెప్పాలి మరి.

కొనుగోళ్లు ముగిశాక మీటింగు పెట్టారు. "సొంత చెల్లెలి ధాన్యాన్నే వెనక్కి పంపిన మనిషి!" అంటూ అధికారి అతని చేతిలో ప్రశంసాపత్రం పెట్టాడు. చప్పట్లే చప్పట్లు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా. వంగి రెండు చేతులా పుచ్చుకున్నాడు, పెద్దమనిషి.

మర్నాడు మాత్రం చెల్లెలి ఇంటికి వెళ్లకుండా ఉండలేకపోయాడు. ఆమె గుమ్మంలో కూర్చుని చేటలో రేషన్ బియ్యం ఏరుతోంది. అతను మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆ మిషన్... తప్పు చూపించిందట."

"మిషన్ సంగతి నాకెందుకన్నయ్యా? కొరికినప్పుడు నీ మొహం నేను చూడలేదనుకున్నావా?" అంది ఆమె, తలెత్తకుండానే. "ఎండాయని నీకు తెలుసు. నలుగురిలో నిలదీస్తే నీ పరువు పోతుందని ఊరుకున్నా."

ఆమె ఒక మట్టిబెడ్డ ఏరి అవతల పారేసింది.

"వచ్చే ఏడు నాకు పొలం లేదు. నావల్ల నీకా ఇబ్బంది ఉండదులే."