కడిగిన సూరత్ రూపాయి

అంబదాస్ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ఏడవలేదు. నమ్మితే కదా ఏడ్చేది! ఎదుటివాడు ఏది చూపించినా ముందు నకిలీ అనుకోవాలి, తరువాత తిప్పి చూడాలి అని నాకు నేర్పినవాడే ఆయన. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితం ఒక వైపే అచ్చువేసి ఉంది. రెండో వైపు చూడకుండా ఆయన జీవితంలో దేన్నీ ఒప్పుకోలేదు.

సూరత్‌లో పాత నాణేల పిచ్చి ఉన్న తెలుగువాళ్ళకు అంబదాసే పెద్దదిక్కు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి సూరత్ పక్క జోల్వాకు మగ్గాల పనికి వచ్చి, ఆ మోతలో చెవులు సగం పోగొట్టుకుని, మిగిలిన సగంతో వెండి శబ్దం వినే విద్య నేర్చుకున్నాడు. తరువాత పాండేసరలో, మిల్లు షిఫ్టు వదిలే దారిలో, ఒక టీకొట్టు అరుగు మీద ఎర్ర గుడ్డ పరిచాడు. గిరాకీకి ఆయన నమస్కారం పెట్టేవాడు కాదు, గిరాకీయే పెట్టాలి. బేరమాడితే ముఖం అవతలికి తిప్పుకునేవాడు. రెండోసారి ఆడితే గుడ్డ మడిచేసేవాడు. ఇంతటి మర్యాదస్తుడు కనుకనే అందరూ గౌరవించారు.

నేను బ్యాంకులో రిటైరై, ఆల్థాన్ ఫ్లాట్‌లో పొద్దుపోక, ఆయన దగ్గరికి చేరాను. కాన్వెంట్‌లో సిస్టర్లు నేర్పిన వినయమంతా ఒలకబోసి, "దయచేసి ఒక నాణెం చూడవచ్చా అండీ?" అని అడిగాను. ఆయన నా చేతులకేసి చూశాడు.

"చేతులు కడుక్కున్నవా సారూ?"

"కడుక్కున్నానండీ."

"నువ్వు కడుక్కో. బిల్లను మాత్రం కడుగుడు లేదు. నల్లగున్నదంటె అది దాని వయసు. వయసు కడిగితె ఏం మిగుల్తది? నీ లెక్క జుట్టుకు రంగేసిన ముసలోడు మిగుల్తడు."

నేను ఆ ఉదయమే రంగు వేసుకుని వెళ్ళాను. అలా మొదలైంది నా చదువు.

నాకన్నా ముందు చేరిన శిష్యులు ఇద్దరు. డైయింగ్ మిల్లులో రంగులు కలిపే సాంబయ్య, రైల్వే గుమాస్తా లింగమూర్తి. ముగ్గురికీ ఒకటే పాఠం: నాణేన్ని అంచు పట్టుకుని ఎత్తాలి, ముఖం తాకకూడదు, ఎన్నడూ కడగకూడదు. "నేను సచ్చినంక కడిగినా సరే, పాడె మీదికెల్లి లేచి తంత" అనేవాడు. ఆయన మాట మాకు వేదం. ఓసారి తుప్పుపట్టిన బిళ్ళ ఒకటి చూపించి, శాతవాహనుల నాటిదంటే ముగ్గురం లెంపలు వేసుకుని దండం పెట్టాం. జోల్వా మెకానిక్ ఒకడు వచ్చి, అది తమ మగ్గం తాలూకు వాషర్ అని పట్టుకుపోయాడు. అంబదాస్ మీసం సవరించుకుని, "మిమ్ముల పరీక్ష పెట్టిన" అన్నాడు. తప్పింది మేమే కనుక చాయ్ మేమే తాగించాం.

వాసన చూసి నాణెం ఏ రాజుదో చెప్పేవాడంటే మీరు నమ్మరు. ఒకసారి ఆ రాజు ఆ పూట ఏం తిన్నాడో కూడా చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆయన మాట లెక్కచేయని మనిషి ఒక్కతే, భార్య నర్సవ్వ. "ఇంట్ల గిన్నెలన్ని తళతళ మెరుస్తయి. నీ పెట్టెల బిల్లలేమో మసిబొగ్గులు. జర చింతపండు పెట్టి తోముతనంటె ఏంది నీ లొల్లి?" అని ఆవిడ. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని ఆయన. పిల్లలు లేని ఆ ఇంట్లో కీచులాటకు మరో విషయం అవసరమే పడలేదు.

తరువాత ఆ మాయరోగం వచ్చింది. దేశమంతా కూరగాయలకు సబ్బు రుద్దుతుంటే, నోట్లకు ఇస్త్రీ చేస్తుంటే, అంబదాస్ తన నాణేలకు సానిటైజర్ చుక్క తగలనివ్వలేదు. మాస్కు గడ్డం కిందే ఉండేది, వాసన చూడటానికి అడ్డమని. ఒకరోజు ఫోన్ చేశాడు.

"సారూ, రూపాయి వాసనొస్తలేదు."

"నకిలీదేమో చూడండి" అన్నాను.

అదే మా చివరి మాట.

శ్మశానం ముందు అంబులెన్సులు వరుసకట్టి ఉన్నాయి. మమ్మల్ని తాడు ఇవతలే ఆపేశారు. నర్సవ్వకు ఒకటే పట్టుదల. చనిపోయినవాళ్ళ నుదుటి మీద రూపాయి బిళ్ళ పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఆసుపత్రిలో ఎవరు పెడతారు?

"బతుకంత బిల్లల నడుమ ఉన్నోడు ఉత్త నొసటితోని పోతడా? నాకు వీళ్ళ బాస రాదు. అన్నా, జర మీరే చెప్పుండ్రి" అంటూ కొంగు ముడి విప్పింది.

అందులో ఉన్నది సూరత్ రూపాయి. మొగలుల కాలంలో ఈ ఊరి టంకశాలలోనే కొట్టినది. అంబదాస్ ఎంత ధర పలికినా అమ్మనిది. తన నొసటికి అదే కావాలని ఎప్పుడో చెప్పి పెట్టి, ఆసుపత్రికి పోతూ పెట్టె తాళంచెవి ఆవిడకు ఇచ్చాడట.

ఆ నల్లటి రూపాయిని అంచు పట్టుకుని ఒకరి చేతినుంచి ఒకరం అందుకుంటూ, కళ్ళద్దాల మీది ఆవిరి తుడుచుకుంటూ చూసుకున్నాం. గురువుగారి కోసం కన్నీరు పెడుతున్నామని చుట్టూ ఉన్నవాళ్ళు అనుకునే ఉంటారు. తెల్ల సూటు తొడుక్కున్న కాటి పనివాడు వచ్చాడు. మంచివాడు, అడగ్గానే పెడతానన్నాడు. చేతిలో క్రిములు చంపే మందు డబ్బా ఉంది.

"పహలే స్ప్రే" అని, ముందు రూపాయికి మందు కొట్టడానికి గొట్టం ఎత్తాడు.

"వద్దు!" ముగ్గురం ఒక్క గొంతుతో అరిచాం.

"ధోనా నహీ! ఖరాబ్ హోతా!" సాంబయ్య రూపాయిని వెనక్కి లాక్కున్నాడు.

పనివాడు మమ్మల్నీ, అవతలి కొలిమి తలుపునూ మార్చి మార్చి చూశాడు. "ఆగ్ మే హీ తో జానా హై, చాచా." ఎలాగూ పోయేది మంటలోకే కదా అని అతని అనుమానం.

"నిప్పుల పోనీ, నీళ్ళల పోనీ, కడుగుడు మాత్రం లేదు" అన్నాడు లింగమూర్తి. అందరికన్నా చదువుకున్నవాణ్ణి కనుక, కడిగిన నాణేనికీ కడగని నాణేనికీ విలువలో తేడా ఎంతో నేను మాస్కులోంచి హిందీలో ఉపన్యాసం మొదలుపెట్టాను. మందు కొట్టనిదే ముట్టనని అతను వెనుదిరిగాడు. అంబదాస్ ఉన్న స్ట్రెచర్ కదిలింది.

"మీ పంచాయితి పాడుగాను! అక్కడ ఆయన పోతున్నడు!" నర్సవ్వ మధ్యలోకి వచ్చి సాంబయ్య చేతిలోంచి రూపాయి లాక్కుంది. అంచు గించు లేదు, గుప్పెటతోనే. "ఓ భాయ్, ఆగు! కొట్టు, మంచిగ కొట్టు!"

అతను కొట్టాడు. ఆవిడకు అది చాలలేదు. కొంగుతో, బొటనవేలితో, ఇన్నేళ్ళ కసి తీరా తోమింది. ఒక వైపు తోమి, తిప్పి రెండో వైపు తోమింది. సాంబయ్య కళ్ళు మూసుకున్నాడు. కొంగు నల్లబడి, అక్షరాల నడుమ తెల్లగా వెండి తేలింది.

"సూడుండ్రి, ఎంత సక్కగున్నదో" అంది. దాన్ని పనివాడి చేతిలో పెట్టింది. "ఒక్కనాడన్న తోమనియ్యకపాయె."

ముఖం మీది ప్లాస్టిక్ కవరు మీద, నుదురు ఉండే చోట, పనివాడు ఆ రూపాయి పెట్టాడు. తాడు ఇవతలికి కూడా అది తళుక్కుమంది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. కడిగిన బిళ్ళ, అందులోనూ సూరత్ రూపాయి, అందులోనూ నర్సవ్వ కడిగినది!

అంబదాస్ లేవలేదు. ఎవ్వరినీ తన్నలేదు.

అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.