నెత్తిమీద టార్చిలైటు

మాది టెక్కలి బజారులో గొడుగులు, తాళాలు, టార్చిలైట్లు అమ్మే దుకాణం. టార్చి కొనడానికి వచ్చిన మనిషిని మా నాన్న ముందుగా అడిగే మాట, "ఏ చేత్తో పట్టుకుంటావు?" అని. అదేం ప్రశ్నో చిన్నప్పుడు నాకు బోధపడేది కాదు. కాస్త ఊళ్ళు తిరిగాక తెలిసింది, రాత్రిపూట పనికి పోయే మా ఉద్దానం మనిషికి టార్చి పట్టుకోవడానికి ఖాళీ చెయ్యి ఉండదని. కరెంటు రాత్రే ఇస్తారు కాబట్టి వరిమళ్ళకి నీళ్ళు రాత్రే తిప్పాలి, పారకి రెండు చేతులూ కావాలి. జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరిగే రోజుల్లో ఒక చేతిలో కర్ర ఉంటుంది, రెండో చేతిలో మోగించడానికి రేకు డబ్బా ఉంటుంది.

అందుకని దీపానికి ఒంటి మీద ఇంకేదో చోటు వెతుక్కునేవారు. చంకలో ఇరికించుకునేవారు కొందరు, మెడకీ భుజానికీ మధ్య నొక్కిపెట్టేవారు కొందరు. పళ్ళతో కరిచి పట్టుకునేవారు కూడా ఉండేవారు. మా కొట్టుకి రిపేరుకి వచ్చే టార్చిల అడుగున గాట్లు చూసి, ఇది ఎవరి పలువరసో చెప్పగలిగేవాణ్ణి నేను. బాగా తెలివైనవాళ్ళు పాత సైకిలు ట్యూబు ముక్క కోసి, తలపాగా మీద చెవి పక్కన టార్చిని బిగించుకునేవారు. మూడు సెల్లుల బరువుకి తల ఒక పక్కకి ఒరిగిపోయి, గట్టు మీద ఏదో పెద్ద ఆలోచనలో ఉన్నట్టు నడిచేవారు.

రెండువేల అయిదారు ప్రాంతంలో బరంపురం హోల్‌సేలు కొట్టులో నెత్తికి పెట్టుకునే లైట్లు చూశాను. సాగే పట్టీ, నుదుటి మీద నిమ్మకాయంత దీపం, దాన్ని కావలసినట్టు పైకీ కిందికీ వంచుకోవచ్చు. ఆ షావుకారు నన్ను దుకాణంలోంచి గెంటడం ఒక్కటే తక్కువ అనేంత వరకు బేరమాడి, ఒక అట్టపెట్టె నిండా తెచ్చాను. మా నాన్న ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఇది అమ్మేవాడికి నోరుండాలి" అన్నారు. మిగతావి ఉన్నా లేకపోయినా నోరు మాత్రం నాకు బోలెడంత ఉండేది. పలాస వైపు జీడితోటల వాళ్ళకి సగం అమ్మేశాను. మిగతా సగాన్ని మోపెడ్ వెనక కట్టుకుని సముద్రం వైపు బయల్దేరాను.

మూలపేట దగ్గర్లోని ఒక మత్స్యకారుల పల్లె అది. అక్కడ పగలు ఎవరి ఇంటి ముందు నిలబడినా లాభం లేదు. తెల్లవారుజామున తెప్పలు ఒడ్డుకు చేరే వేళకే ఊరంతా ఇసుక మీద ఉంటుంది. అక్కడ రేవు గట్టు లేదు. కెరటాలు విరిగే చోట నీళ్ళ కింద ఇసుక దిబ్బలు ఉంటాయి, వాటి మధ్య తెప్ప దూరేంత సందు ఉంటుంది. చీకట్లో ఆ సందు ఎక్కడో చెప్పవలసింది ఒడ్డున లాంతరు పట్టుకుని నిలబడిన ఇంటి ఆడమనిషి. లాంతరు కదలకుండా ఉంటే ఇటే రండి అని అర్థం. అటూ ఇటూ ఊపితే ఇక్కడ కెరటం బాగాలేదు, రావద్దు, వేరే ఊరి ఒడ్డుకి పొండి అని.

ఆ వేకువన తూర్పుగాలి గట్టిగా ఉంది. తెప్పలన్నీ వచ్చేశాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని మీద ఉన్నది ఇద్దరు అన్నదమ్ములు. అన్న భార్య లాంతరుతో నీళ్ళ అంచున నిలబడి ఉంది, ఆమె మామ కాస్త వెనగ్గా ఇసుకలో కూర్చున్నాడు. గాలికి లాంతరు రెపరెపలాడి మాటిమాటికీ మసకబారిపోతోంది. ఇంతకంటే మంచి గిరాకీ నాకు జన్మలో దొరకదనుకున్నాను.

చూపించడానికని నా సంచిలోని సెల్లులు వేసి లైటు వెలిగించి ఆమె నుదుటికి తగిలించాను. ఆమె లాంతరుని పక్కనున్న చేపల బుట్ట చాటున పెట్టేసింది. ఆమె చూపు సముద్రం మీంచి మరలడం లేదు. బేరంలో ఎదుటి మనిషి కళ్ళు మన కళ్ళలో లేకపోతే పని జరగదు కాబట్టి, నేనే చుట్టూ తిరిగి వెళ్ళి నీళ్ళకి వీపు పెట్టి ఆమెకి ఎదురుగా నిలబడ్డాను. వెలుగు నా కళ్ళలో పొడుస్తుంటే, "చూశావా అప్పా, ఇలా వంచుకోవచ్చు" అని దీపాన్ని కొంచెం పైకి తిప్పాను. వెలుగు నా తల మీంచి సముద్రం మీదకి పోయింది.

"ఎంత సెప్తన్నావు బావూ?"

చెప్పాను.

"సెల్లులతోనేనా?"

"సెల్లులు వేరుగా కొనుక్కోవాలప్పా."

"ఓలమ్మ!" తల అడ్డంగా ఊపింది. "సెల్లుల్లేని లైటు నానేటి సేసుకుంతాను? పూలసెండులాగ కొప్పులో ఎట్టుకోనా?"

"సరుకు చూడప్పా. రెండు చేతులూ ఖాళీ. బుట్ట ఎత్తుకోవచ్చు, తాడు లాక్కోవచ్చు."

"ఉహూఁ. మీ బజార్లో సెప్పులు కొంతే రెండో కాలుది వేరేగా కొనమంతారేటి?"

మళ్ళీ తల ఊపింది. నేను లాంతరుకయ్యే కిరసనాయిలు మాటెత్తాను, ఆమె ఉహూఁ అంది. బరంపురం నుంచి తేవడానికి పడ్డ బాధ చెప్పాను, ఇంకా గట్టిగా ఉహూఁ అంది. కుదిరే బేరానికి ముందు వచ్చే ఉహూఁ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అదే. నాకు లోపల హుషారు పుట్టింది.

ఆమె వెనకనుంచి ముసలాయన గొంతు వినబడింది. "ఏటమ్మీ, ఆల్లని రావొద్దంతన్నావేటి?"

"నానా? నానెందుకంతాను మావా! బేరవాడతన్నాను."

"నువ్వు అన్నేదు. నీ తల అంతన్నాది, అటు సూడు!"

నేనూ వెనక్కి తిరిగాను. విరుగుతున్న కెరటాలకి అవతల, మినుకుమినుకుమంటున్న తెప్ప దీపం ఒడ్డు వైపు కాక ఉత్తరం వైపు జరుగుతోంది. ఆ వైపు తర్వాతి పల్లె చాలా దూరం. రాత్రంతా తెడ్డు వేసిన ఇద్దరు ఈ గాలిలో అంతదూరం పోలేరని అక్కడ నాతో సహా అందరికీ తెలుసు. కేక వేస్తే కెరటాల హోరులో పక్కవాడికే వినబడదు.

ఆమె మెడ బిగించి నిలబడింది. కానీ ఊపిరి ఎగిసిపడుతోంది, ఒళ్ళు వణుకుతోంది, దాంతో వెలుగూ వణుకుతోంది.

"తీసీయే!" అని ముసలాయన అరిచాడు. "నెత్తిన ఉంతే నీ బయ్యం కూడా ఆల్లకి కనపడతాది!"

దీపం చేతిలో ఉంటే మనిషి చెప్పదలచుకున్నదే చెబుతుంది. నెత్తిమీద ఉంటే చెప్పదలచుకోనివన్నీ చెప్పేస్తుంది. ఇన్ని టార్చిలు అమ్మినవాణ్ణి, ఇది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆమె లైటు ఊడబెరికి, ఇసుకలో పడి ఉన్న తెడ్డు అందుకుని, పట్టీని దాని కొసకి రెండు చుట్లు చుట్టింది. తెడ్డును సందుకి ఎదురుగా ఇసుకలో గుచ్చి, ఒరిగిపోకుండా నాకు అప్పగించింది.

"పట్టుకో బావూ. కదిలేవంటే సంపేత్తాను."

రెండు చేతులతో పట్టుకున్నాను. ముక్కు మీద ఉప్పునీటి తుంపర పడింది, పడనిచ్చాను. కాళ్ళ కింద ఇసుక జారింది, వేళ్ళతో తవ్వుకుని నిలబడ్డాను. అంతసేపు మాట్లాడకుండా ఉండడం నా జీవితంలో అదే మొదలు. తెప్ప దీపం ఆగింది. ఆగిన చోటే చాలాసేపు ఊగింది. ఆ తర్వాత నెమ్మదిగా మా వైపు తిరిగింది. ఒక పెద్ద కెరటం వెనక మాయమై, దాని ముందు నుంచి పైకి లేచింది. అప్పటికే ఆమె నడుంలోతు నీళ్ళలో ఉండి, విసిరిన తాడు అందుకుని రెండు చేతులా లాగుతోంది. మిగతా వాళ్ళూ పరుగెత్తారు.

భర్త ఇసుకలో కూలబడ్డాడు. ఉప్పునీళ్ళు ఉమ్మి, "రావద్దని ఊపింది ఎవులు?" అన్నాడు.

"నానే. నీకు కాదు, ఈ బావుకి ఒద్దన్నాను."

అతను నన్ను చూశాడు, తెడ్డు కొసను చూశాడు.

"ఏటి అమ్మతన్నాడు?"

"లైటు."

"కొన్నావేటి?"

"ఇంకా నేదు. సెల్లులియ్యనంతన్నాడు."

అతని తమ్ముడు పడీపడీ నవ్వాడు. ముసలాయన కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. భర్త పక్కన కూర్చుని, అతని తడి చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూస్తూ ఉండిపోయింది. నా సంచిలో సెల్లులు ఉన్నాయి. ఆ పూట వాటి గురించి నేను గానీ ఆమె గానీ మళ్ళీ మాట్లాడలేదు.

తూర్పున తెల్లబడింది. తెడ్డు కొసన దీపం వెలుగుతోందో లేదో కూడా తెలియడం లేదు. ఇక వదిలెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.